అనురాధపురంలో అమరావతి పాఠం

గుంటూరులో నెలకో ఆదివారం మాస్టారి ఇంటి డాబా మీద కూర్చుని ఆంధ్రదేశపు బౌద్ధ చరిత్ర చదువుకునే బృందం మాది. మాస్టారు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మిగతావాళ్లలో బ్యాంకు ఉద్యోగులున్నారు, బొమ్మలు వేసే గృహిణి ఒకరున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న కుర్రాడున్నాడు, నాలాంటి సోషల్ టీచర్లున్నారు. భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, శాలిహుండం అన్నీ తిరిగాం. ఎక్కడికి వెళ్లినా ఒకటే లోటు. మన దగ్గర చాలాచోట్ల స్తూపమంటే నేలమీద మిగిలిన గుండ్రటి ఇటుకల కట్టు. దాని మీద గుండ్రటి గుమ్మటం, అంటే అండం, ఎంత ఎత్తు లేచేదో, జనం దాని చుట్టూ ఏం చేసేవారో పలకల మీద చెక్కిన బొమ్మలు చూసి ఊహించుకోవాలి. అమరావతి దిబ్బను 18వ శతాబ్దం చివర్లో రాయి కోసం, ఇటుక కోసం తవ్వేశారు. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం చెన్నై మ్యూజియానికీ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరింది.

శ్రీలంక వెళ్దామన్న ఆలోచన ఒక శాసనం చదువుతుండగా పుట్టింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అది. తామ్రపర్ణి ద్వీపపు, అంటే శ్రీలంక, భిక్షువుల కోసం చైత్యగృహం (పూజామందిరం) కట్టించానని చెప్పి, ఊరూరా తాను చేసిన ఇతర దానాలు కూడా అందులో ఏకరువు పెట్టిందామె. ఆ జాబితాలో సింహళ విహారంలో బోధివృక్షానికి కట్టించిన ప్రాసాదం ఒకటి. మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులకు మఠం ఉందన్నమాట, అందులో ఒక బోధి చెట్టు కూడా! "వాళ్లు ఇక్కడికి వచ్చి అన్నేళ్లు ఉన్నారు కదమ్మా, మనం ఒక్కసారి వాళ్లింటికి వెళ్లొద్దాం" అన్నారు మాస్టారు. ఆ ఆదివారం టీ తాగడం పూర్తయ్యేలోపు నిర్ణయమైపోయింది.

నిర్ణయం తేలికే, ఏర్పాట్లే తల నొప్పి. మేం సంప్రదించిన ట్రావెల్ ఏజెంటు దగ్గర ఉన్నది రామాయణ యాత్ర ప్యాకేజీ. నువర ఎలియ దగ్గరి సీతమ్మ గుడి, హనుమంతుడి పాదముద్ర, మధ్యలో తేయాకు తోట, సాయంత్రం షాపింగ్. శ్రీలంక ప్రాచీన రాజధాని అనురాధపురానికి ఒక పూట చాలు అన్నాడాయన, అక్కడేముంది ఇటుకలే కదా అని. అది పుణ్యయాత్రికుల కోసం వేసిన దారి, తప్పేమీ లేదు. కానీ మాకు కావలసింది ఆ ఇటుకలే. చివరికి కార్యక్రమం మేమే రాసుకుని, వ్యాను, బసల ఏర్పాటు మాత్రం ఆయనకు వదిలేశాం. రాత్రిపూట ప్రయాణం వద్దు, ఒక ఊళ్లో దిగితే కనీసం రెండు రాత్రులు కదలం అన్నవి మేం పెట్టిన షరతులు. ఇలాంటి బృందంతో ఎవరు బయలుదేరుతున్నా ఈ రెండో షరతు వదులుకోవద్దని చెబుతాను. రోజుకో ఊరు మారితే పెట్టెలు సర్దడమే చదువవుతుంది.

బయలుదేరేముందు ఒక్కొక్కరికీ ఒక్కో చోటు అప్పగించారు మాస్టారు. ఎవరి చోటుకు వెళ్లినప్పుడు వాళ్లు అక్కడే నిలబడి పది నిమిషాలు చెప్పాలి. కాగితం చూసి చదవకూడదు. నాకు జేతవనం వచ్చింది. బొమ్మలు వేసే ఆవిడకు మిహింతలె, పరిశోధక కుర్రాడికి పొలొన్నరువ, చిత్తూరు నుంచి వచ్చి మాతో చేరిన అక్కకు కాండీ. ప్రతివారం ఫోన్లలో చర్చలు, వాదనలు. మా ఇంట్లోవాళ్లయితే నేను ఏదో పరీక్షకు కూర్చుంటున్నానని అనుకున్నారు.

వీసా సంగతి ఆన్‌లైన్‌లోనే తేలిపోయింది. అక్కడ టికెట్లు కొనేటప్పుడు పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉంచుకోవాలి, సార్క్ దేశాలవాళ్లకు మిగతా విదేశీయులకన్నా తక్కువ తీసుకుంటారు. మోకాళ్లూ భుజాలూ కప్పే బట్టలు, వీలైతే తెల్లవి, తీసుకెళ్లమన్నారు మాస్టారు. ఆయన చెప్పకుండా వదిలేసింది మేజోళ్ల సంగతి. స్తూపాల ఆవరణల్లో చెప్పులు విడిచి నడవాలి. పదకొండు దాటాక ఆ బండల మీద అడుగు పడదు. మా డ్రైవరు మొదటి రోజే దారిలో ఒక కొట్టు ముందు వ్యాను ఆపి అందరిచేతా మేజోళ్లు కొనిపించాడు. ఆయనకు సింహళంతో పాటు తమిళం వచ్చు. చిత్తూరు అక్క ఆయన పక్క సీట్లో కూర్చుంది. అప్పటినుంచి మా దుబాసీ ఆవిడే.

అనురాధపురం చేరింది సాయంత్రం. అలసిపోయి ఉన్నాం, అయినా రువన్‌వెలిసాయకు వెళ్లాం. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో దుట్టగామణి రాజు కట్టించిన మహాస్తూపం, ఇప్పుడు 100 మీటర్లకు పైగా ఎత్తు. చుట్టూ ప్రాకారంలో వరసగా ఏనుగుల తలలు, మధ్యలో తెల్లగా అండం. చిన్నప్పటినుంచీ పుస్తకాల్లో నిలువుకోత బొమ్మగా గీసుకున్న మేధి అనే గుండ్రటి పీఠం, అండం, దానిపైని చదరపు హర్మిక, గొడుగుల ఛత్రావళి అన్నీ ఒకదాని మీద ఒకటి లేచి కనిపించేసరికి కాసేపు ఎవరం మాట్లాడలేదు. మాట్లాడింది మాస్టారే, అదీ చప్పగా. "ఇది చూసి ప్రాచీనమని మురిసిపోకండి. 19వ శతాబ్దంలో ఇది చెట్లు మొలిచిన దిబ్బ. పైన కనబడే సున్నం, ఆకారం, శిఖరం కొత్తవి" అన్నారు. నిజమే, జీర్ణోద్ధరణ 20వ శతాబ్దంలోకి వచ్చాక గానీ పూర్తి కాలేదు.

అంతలో డప్పుల చప్పుడు వినిపించింది. తెల్లబట్టలు కట్టుకున్న ఒక ఊరి జనం, పిల్లా పెద్దా కలిసి, చాలా పొడవైన కాషాయ వస్త్రాన్ని తలల మీదుగా ఎత్తి పట్టుకుని ప్రదక్షిణగా వస్తున్నారు. గుడ్డ సాగిపోతూనే ఉంది, ఒక చివర మలుపు తిరిగిపోయినా రెండో చివర ఇంకా కనబడలేదు. మనిషికీ మనిషికీ మధ్య అది కిందికి వేలాడి మళ్లీ లేస్తోంది. స్తూపానికి చుట్టడానికి తెచ్చిన వస్త్రం అది. బొమ్మలు వేసే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమరావతి ప్రాకారం చూడండి టీచర్‌గారూ" అంది. అమరావతి ప్రాకారపు పైవరస రాళ్ల మీద లావుపాటి పూలదండను భుజాన మోసుకుపోయే మనుషుల వరస ఉంటుంది. దండ అలలా దిగుతూ లేస్తూ రాయి పొడవునా సాగుతుంది. దాన్ని అలంకారమనే అనుకున్నాను ఇన్నాళ్లూ. పిల్లలకు అలాగే చెప్పాను కూడా. శిల్పి తన కళ్లముందు జరిగిన పనిని చెక్కి ఉండవచ్చునని ఆ సాయంత్రం మొదటిసారి అనిపించింది. ఇది రుజువు కాదు, మాస్టారు ఆ మాట వెంటనే గుర్తు చేశారు కూడా. రెండువేల ఏళ్ల కిందటి పూజ ఇలాగే ఉండేదని ఇవాళ్టి పూజ చూసి తేల్చకూడదు. అయినా ఆయన కూడా ఆ గుడ్డ రెండో చివర వచ్చేదాకా కదల్లేదు.

మర్నాడు ఉదయాన్నే జయశ్రీ మహాబోధి. అశోకుడి కూతురు సంఘమిత్త గయ నుంచి తెచ్చిన కొమ్మ అని సంప్రదాయం, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం మాట. ముందు సోదా, ఆడవాళ్లకు వేరే వరస. చెట్టు ఎత్తైన అరుగుల మీద ఉంటుంది, దగ్గరికి పోనివ్వరు. కొమ్మలకు ఊతంగా బంగారుపూత కర్రలు, చుట్టూ బంగారు రంగు కంచె. చూడటానికి అది సన్నని కొమ్మే. పక్కనే ఏపుగా పెరిగిన ఇతర రావిచెట్ల మధ్య ఏది అసలుదో ఎవరైనా చూపిస్తే తప్ప తెలియదు. కింద ఇసుకలో కూర్చున్న అవ్వలు తామర మొగ్గల రేకులు ఒక్కొక్కటే వెనక్కి మడిచి, పువ్వును విప్పి పళ్లెంలో పెడుతున్నారు. ఒకావిడ మాకూ రెండు మొగ్గలిచ్చి ఎలా మడవాలో చూపించింది. బొటనవేలితో రేకు మొదలు నొక్కి వెనక్కి వంచాలి, గోరు తగలకూడదు. గోరు తగిలినచోట రేకు నల్లబడుతుంది. నాకు సగం రేకులు చిరిగాయి. కొమ్మల్లో కాచుకుని ఉన్న కోతి ఒకటి ఆ పళ్లెంలోంచే ఒక పువ్వు లాక్కుని తింటూ కూర్చుంది, ఎవరూ అదిలించలేదు.

బోధిసిరి శాసనం అక్కడ చదివించారు మాస్టారు, ప్రాకృతంలోనే, నెమ్మదిగా. ప్రహరీ బయట చెట్టునీడన నిలబడి చదివాం. దగ్గర్లోనే మహావిహారపు శిథిలాలు. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడనే పండిత భిక్షువు కూర్చుని పాళీలో వ్యాఖ్యానాలు రాసింది ఈ విహారంలోనే. ఆయన ముందున్న పాత గ్రంథాల్లో అంధక అట్ఠకథ ఒకటి, అంటే ఆంధ్ర భిక్షువుల వ్యాఖ్యానం. దానితో ఆయన చాలాచోట్ల విభేదించాడు. అసలు గ్రంథం ఇప్పుడు లేదు, కాదన్నచోట్ల తీసిన ప్రస్తావనల వల్లే మనకది తెలుసు. మనవాళ్ల రాత ఒకటి ఖండన రూపంలో మిగిలిందని మా బ్యాంకు మిత్రుడు చాలా బాధపడ్డాడు. నాకు మాత్రం గర్వంగానే అనిపించింది. పట్టించుకోదగ్గది కాకపోతే ఖండించరు కదా.

జేతవనం నా వంతు. మహాసేనుడు మూడో శతాబ్దం చివర కట్టించిన స్తూపం, మొదట్లో 122 మీటర్ల ఎత్తు. గిజాలోని రెండు పెద్ద పిరమిడ్లను వదిలేస్తే ప్రాచీన ప్రపంచంలో దానికన్నా ఎత్తైన కట్టడం లేదంటారు. ఇప్పుడు 71 మీటర్లే మిగిలింది. సున్నపు పూత లేదు, ఎర్రటి ఇటుక బయటికే కనిపిస్తుంది. అందులో 9 కోట్లకు పైగా ఇటుకలున్నాయని లెక్క కట్టారు. మన నాగార్జునకొండ మహాచైత్యాన్ని ఇలా కట్టలేదు. లోపల బండిచక్రపు ఆకుల్లా గోడలు లేపి వాటి మధ్య మట్టి నింపారు. 32 మీటర్ల వ్యాసానికి ఆ పద్ధతి సరిపోతుంది, ఇటుకా ఆదా అవుతుంది. జేతవనం అంత ఎత్తుకు పోవాలంటే లోపలంతా ఇటుకే ఉండాలి. ఇదంతా చెబుతుంటే పక్కన నిలబడి వింటున్న ఒక సింహళ విద్యార్థి, చిత్తూరు అక్క ద్వారా, మీ దగ్గర ఇంత పెద్దవి ఎందుకు లేవని అడిగాడు. చెరువులు, వరి, ఒకే రాజధాని వందల ఏళ్లపాటు నిలవడం అని ఏదో చెప్పాను. మన స్తూపాలకు డబ్బిచ్చినవాళ్లలో రాణులు ఉన్నారు గానీ వర్తకులు, చర్మకారులు, గృహిణులు కూడా ఎక్కువే. అమరావతి శాసనాల నిండా వాళ్ల పేర్లే. ఒక్క రాజు చేతిమీదుగా లేచే కట్టడం వేరు, ఊరంతా తలా ఒక పలక వేయించిన కట్టడం వేరు. ఎత్తులో ఓడిపోతాం సరే, కానీ ఎవరెవరు ఇచ్చారో పేరుపేరునా చెప్పగలం.

మిహింతలె మెట్లెక్కుతూ మా బృందంలో పెద్దవాళ్లు రెండుసార్లు తిరుగుబాటు చేశారు. బౌద్ధం తెచ్చిన అశోకుడి కొడుకు మహిందుడు సింహళ రాజు దేవానాంపియ తిస్సను కలిసిన కొండ అది. కలవగానే మామిడిచెట్టు చూపించి ప్రశ్నలడిగాడట. ఇది కాక వేరే మామిళ్లున్నాయా, మామిళ్లు కాని చెట్లున్నాయా, ఆ మామిళ్లూ ఆ చెట్లూ కాక ఇంకేమైనా ఉందా అని. ఈ మామిడి ఉంది కదా అన్నాడు రాజు, నెగ్గాడు. ప్రవేశ పరీక్ష పెట్టి ధర్మం బోధించిన గురువు.

అక్కడే కంటక చైత్యం దగ్గర మా బృందం అన్నింటికన్నా ఎక్కువసేపు ఆగిపోయింది. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన రాతి వేదికలుంటాయి, వాహల్కడ అంటారు. అమరావతిలో, నాగార్జునకొండలో కూడా నాలుగు దిక్కులా ఇలాగే ముందుకొచ్చిన ఆయక వేదికలున్నాయి. మనవాటి మీద అయిదేసి స్తంభాలు నిలబెట్టారు, బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తుగా. ఇక్కడ ఆ అయిదు స్తంభాలు లేవు. వేదికకు రెండు పక్కలా చెక్కిన నిలువు రాళ్లు, వాటి మీద ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు. బొమ్మలు వేసే ఆవిడ రెంటినీ పక్కపక్కన గీసింది. గీస్తూ, "మనది చూడగానే కథ గుర్తొస్తుంది, వీళ్లది చూడగానే దిక్కు గుర్తొస్తుంది" అంది. ఈ ముక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. సరైనదో కాదో మా ఆదివారం చర్చల్లో ఇంకా తేలలేదు.

సిగిరియ గురించి పెద్దగా రాయను. కశ్యప రాజు కొండకోట, సొగసైన గుహాచిత్రాలు, వాటిని ఫొటో తీయకూడదు, మెట్లు చాలా ఎక్కువ, జనం ఇంకా ఎక్కువ. తేనెటీగలున్నాయి, చప్పుడు చేయొద్దన్న బోర్డు నిజమే చెబుతుంది. మాలో సగంమంది కింద ఉద్యానవనంలోనే ఉండిపోయి, పైకి వెళ్లినవాళ్లకన్నా ఎక్కువ చూశామని ఇప్పటికీ వాదిస్తారు. 1,500 ఏళ్ల కిందటి నీటి కాలువల అమరిక అక్కడ ఉంది కాబట్టి ఆ వాదనలో పస లేకపోలేదు.

పొలొన్నరువలో రంగు మారుతుంది. చోళులు అనురాధపురాన్ని పడగొట్టి రాజధాని ఇక్కడికి మార్చారు. 1070లో సింహళ రాజు విజయబాహు వాళ్లను తరిమేశాక కూడా వాళ్లు కట్టిన శివాలయం అలాగే నిలిచింది. గుమ్మాల ముందుండే అర్ధచంద్రశిల చూస్తే తేడా తెలుస్తుంది. అనురాధపురంలో దాని మీద ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు నాలుగూ వరసగా నడుస్తాయి. పొలొన్నరువకు వచ్చేసరికి ఎద్దు మాయమైంది. నంది మీద కాలు పెట్టడం ఇష్టంలేక తీసేశారని పండితుల వివరణ. గల్ విహారంలో ఒకే బండలో చెక్కిన శయన బుద్ధుడు 14 మీటర్లు. తలగడ మీద తల ఆనినచోట మెత్తగా పడిన గుంట కూడా రాయిలోనే చెక్కారు. ఆ గుంట చూశాక మిగతాది కొలవబుద్ధి కాదు.

అక్కడ మా శ్రీకాకుళం కుర్రాడు ఊగిపోయాడు. నిస్సంకమల్ల రాజు వేయించిన గల్‌పోత శాసనం ముందు ఉపన్యాసం వాడిదే. పెద్ద పుస్తకంలా చెక్కిన రాతిబండ అది, మిహింతలె నుంచి లాక్కొచ్చానని రాజే చెప్పుకున్నాడు. 1187 నుంచి 1196 దాకా ఏలిన ఈ రాజు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని రాయించుకున్నాడు. సింహపురమంటే శ్రీకాకుళం దగ్గరి సింగుపురమేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. "మా ఊరివాడు మాస్టారూ!" అన్నాడు కుర్రాడు. "నీ ఊరివాడైతే పన్నులు తగ్గించానని రాయికెక్కించి ఇంత డబ్బా ఎలా కొట్టుకున్నాడో కూడా చెప్పు" అన్నారు మాస్టారు. వాడు ఆ మధ్యాహ్నమంతా ఆయనతో మాట్లాడలేదు. భోజనం దగ్గర ఇడియాప్పం, కొబ్బరి కారం వచ్చాక రాజీ కుదిరింది.

చివరి మజిలీ కాండీ. బుద్ధుడి దంతం ఉందని నమ్మే దంతధాతు మందిరంలో సాయంత్రం పూజకు డోళ్లు మోగుతుండగా పై అంతస్తులో వరస కట్టాం. తలుపు తెరిచాక దంతం ఉంచిన బంగారు భరిణె కొన్ని క్షణాలు కనబడుతుంది, దంతం కనబడదు, అంతలో జరగమంటారు. తిరుమల అలవాటున్న మాకు కొత్తేమీ అనిపించలేదు. చిత్తూరు అక్క వంతు అక్కడే, చెరువు గట్టున కూర్చుని చెప్పింది. 1739లో కాండీ రాజు నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోయాడు. మదురై నుంచి వచ్చిన ఆయన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. అప్పటినుంచి నలుగురు నాయక రాజులు. తెలుగు మూలాలున్న కుటుంబం. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు శైవంలో పుట్టి పెరిగినవాడు, నుదుట విభూతి పెట్టుకుంటాడని సామంతులు సణిగేవారు. 1760లో ఆయన్ని చంపడానికి కుట్ర కూడా జరిగింది. అదే రాజు 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను పిలిపించి, ఆగిపోయిన ఉపసంపదను, అంటే పూర్తి భిక్షు దీక్షను, మళ్లీ మొదలుపెట్టించాడు. ఏసల పెరహర ఊరేగింపులో దంతధాతువుకు ముందు వరస ఇప్పించిందీ ఆయనే. భక్తితో చేశాడా, రాజ్యం నిలుపుకోవడానికి చేశాడా అని బ్యాంకు మిత్రుడు అడిగితే, "రెండూ ఒకే మనిషిలో ఉండకూడదా అన్నా" అంది అక్క.

ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మేం కూర్చున్న చెరువును తవ్వించినవాడు, మందిరం ముందున్న ఎనిమిది మూలల మంటపమూ ఆయనదే. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు, సమాధి పాలారు ఒడ్డున ఉంది. ఈ మాట చెప్పి అక్క నవ్వేసింది. ఆసుపత్రి పనులమీద చిత్తూరు నుంచి వేలూరుకు ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కే లేదట, సమాధి వైపు మాత్రం ఎప్పుడూ వెళ్లలేదట. వచ్చే సంక్రాంతి సెలవుల్లో మమ్మల్నందరినీ అక్కడికి తీసుకెళ్లే పని ఆవిడకే అప్పగించాం. ఉపన్యాసం మాత్రం ఈసారి మాస్టారే ఇవ్వాలని తీర్మానించాం, అదీ కాగితం చూడకుండా.